రాశిలో చేయి పెట్టి చూశామా?

కొన్ని సంవత్సరాల క్రితం మాట. గద్వాలలో ఒకనాడు అసర్ నమాజు ముగిసిన తరువాత ఒక పెద్దమనిషి మస్జిదు వరండాలో మా ప్రక్కన వచ్చి కూర్చున్నారు. వారిది సీడు పత్తి పండించే కుటుంబం. వారి అబ్బాయి మా వద్దనే ఖుర్ఆన్ కంఠస్థం చేశాడు. జేబులోనుంచి ఫోను తీసి, తెర మీద ఒక ప్రకటన చూపించి, "మౌలానా సాబ్, ఇందులో డబ్బు పెట్టవచ్చునా? హలాలేనా?" అని అడిగారు.

ఆకుపచ్చని నేపథ్యం మీద ఒక గుమ్మటం బొమ్మ. దాని క్రింద 'వడ్డీ లేని హలాల్ వ్యాపారం' అన్న అక్షరాలు. ఇంకా క్రింద, 'లక్షకు నెలనెలా మూడు వేలు, అసలుకు పూర్తి భద్రత' అన్న హామీ. ఒక మూల సంస్థ యజమాని, ఆయన ప్రక్కన పేరున్న ఒక ఆలిమ్ నిలుచున్న ఫోటో. మేము ఆ ఫోటో చూశాము. అది చూసిన తరువాత పైనున్న లెక్కను చూడలేదు. "అంతటి పెద్దలు ఉన్నచోట మేమేమి చెప్పగలము భాయ్? సాటి ముస్లిమును అనుమానించడం మంచిది కాదు కదా" అన్నాము.

ఆయన కూతురి పెళ్ళి కోసం దాచిన రెండు లక్షల రూపాయలు అందులో పెట్టారు. పదకొండు నెలలపాటు నెలకు ఆరు వేల చొప్పున వచ్చాయి. పన్నెండవ నెల రాలేదు. ఆ తరువాత సంస్థ ఫోను కూడా మ్రోగలేదు. ఆ సంస్థ పేరు ఇక్కడ మాకు ముఖ్యం కాదు. ముఖ్యమైనది మా జవాబు. ఆయన ఇంతవరకు మమ్మల్ని ఒక్క మాట అనలేదు. ఇప్పటికీ వీధిలో కనిపిస్తే ఆయనే ముందుగా సలాం చెబుతారు. ఆ సలాముకు బదులు పలికిన ప్రతిసారీ, ఆనాడు చెప్పవలసినది చెప్పలేదన్న సంగతి మాకు గుర్తుకు వస్తుంది. ఈ వ్యాసం ఆ బాకీలో కొంత తీర్చుకోవడానికే వ్రాస్తున్నాము.

మేము చేసిన మొదటి తప్పు మా సొంత విద్యకు సంబంధించినది. మదరసాలలో ఖుదూరీ, ఆ తరువాత హిదాయా చదివిన ప్రతి విద్యార్థీ ముదారబా ప్రకరణం చదువుతాడు. మేము దానిని ఏటేటా బోధిస్తూనే ఉన్నాము. ఒకరు పెట్టుబడి పెడతారు, మరొకరు శ్రమ చేస్తారు, వచ్చిన లాభాన్ని ముందుగా ఒప్పుకున్న వాటాల ప్రకారం పంచుకుంటారు. సగం సగమో, మూడింట ఒక వంతో, ఏదైనా కావచ్చు. కాని అది లాభంలో వాటా అయి ఉండాలి. ఇద్దరిలో ఒకరికి ఇన్ని దిర్హములు తప్పక ఇవ్వాలని షరతు పెట్టిన మరుక్షణం ఆ ఒప్పందం చెల్లకుండా పోతుంది. ఎందుకంటే ఆ సంవత్సరం వ్యాపారంలో అన్ని దిర్హములు మిగలకపోవచ్చును. ఇక నష్టం వస్తే, పని చేసినవాని నిర్లక్ష్యమో ద్రోహమో లేనంతవరకు, అది పెట్టుబడిదారుడే భరించాలి. అతని శ్రమ వృథా అయింది, ఇతని ధనం తరిగింది. న్యాయం అక్కడ సరిపోతుంది.

ఇప్పుడు ఆ ప్రకటనను మరల చదవండి. 'లక్షకు మూడు వేలు' అన్నది లాభంలో వాటా కాదు, పెట్టిన ధనం మీద కట్టిన రేటు. 'అసలుకు పూర్తి భద్రత' అంటే నష్టం వచ్చినా మీది మీకు వస్తుందని. ఈ రెండూ కలిస్తే దాని పేరేమిటో మా పిల్లలైనా చెప్పగలరు. అంటే పై వరుసలో ఉన్న హలాల్ అన్న మాటను క్రింది వరుసలో ఉన్న రెండు మాటలు తామే అబద్ధం చేస్తున్నాయి. సంస్థ మోసపూరితమైనదా కాదా అని విచారించడానికి హైదరాబాదు పోనక్కరలేదు, పోలీసులను అడగనక్కరలేదు. సాక్ష్యం ప్రకటనలోనే ఉంది. మేము దానిని చదివి వినిపించలేదు.

లెక్క కూడా చూడండి. లక్షకు నెలకు మూడు వేలంటే సంవత్సరానికి 36 శాతం. ఏ వ్యాపారమూ చేయకుండా, ఎవరినీ కొత్తగా చేర్చుకోకుండా, మీ లక్షను ఒక పెట్టెలో పెట్టి అందులోనుంచే నెలకు మూడు వేలు తీసి మీకు ఇస్తూపోయినా 33 నెలలు ఇవ్వవచ్చు. అంటే దాదాపు మూడేళ్ళు. "వాళ్ళు తప్పకుండా ఇస్తున్నారు మౌలానా సాబ్, మా బావమరిదికి ఏడాదిగా వస్తున్నది" అని జనం చెప్పే మాటకు ఇదే జవాబు. ఏడాదిగా రావడం వ్యాపారం ఉన్నదనడానికి ఋజువు కాదు. గద్వాల పెద్దమనిషికి పదకొండు నెలలలో వచ్చిన 66 వేలను ఆయన లాభమని అనుకున్నారు, దానిలోనుంచి సదఖా కూడా తీశారు. అది ఆయన సొమ్మే కావచ్చు, లేదా ఆయన తరువాత చేరిన మరొక ఇంటి సొమ్ము కావచ్చు.

హలాల్ అన్న మాటను ముందుంచి ధనం సేకరించిన సంస్థల మీద నడుస్తున్న పెద్ద కేసులు రెండు మన పాఠకులలో చాలామందికి తెలుసు. తిరుపతికి చెందిన నౌహీరా షేక్ నెలకొల్పిన హీరా గ్రూపు హైదరాబాదు కేంద్రంగా పనిచేసింది. సంవత్సరానికి 36 శాతం వరకు ప్రతిఫలం వస్తుందని చూపి వేల కోట్ల రూపాయలు సేకరించిందన్న ఆరోపణల మీద 2018 అక్టోబరులో హైదరాబాదు పోలీసులు ఆమెను అరెస్టు చేశారు. ఆరోపణలను ఆమె అంగీకరించలేదు. వ్యవహారం న్యాయస్థానాలకు చేరింది. తీర్పు చెప్పడం మా పని కాదు. మేము చెప్పదలచినది వేరు. ఆ అరెస్టుకు ఆరేళ్ళ ముందే, 2012లోనే, ఆ సంస్థ మీద హైదరాబాదు ఎంపీ అసదుద్దీన్ ఒవైసీ పోలీసులకు ఫిర్యాదు చేశారు. సంస్థ వైపునుంచి ఆయన మీద పరువునష్టం దావా వచ్చింది. ఆ మధ్య సంవత్సరాలలో ఎంతమంది ఆ ప్రశ్నను 'రాజకీయం', 'అసూయ' అని కొట్టివేసి ఉంటారో ఊహించుకోవచ్చును. ప్రశ్నించినవాడు ఎవరన్నది చూశారు గాని ప్రశ్న ఏమిటన్నది చూడలేదు.

బెంగుళూరులోని ఐఎంఏ కథ ఇంకా బాధాకరమైనది. ముహమ్మద్ మన్సూర్ ఖాన్ 2006లో ప్రారంభించిన ఆ సంస్థ ప్రజలను డిపాజిటుదారులుగా గాక భాగస్వాములుగా కాగితాలలో చేర్చుకునేది. భాగస్వామ్యం అన్న మాట వినడానికి షరీఅత్‌కు దగ్గరగా ఉంటుంది, డిపాజిట్ల చట్టాలకు దూరంగానూ ఉంటుంది. 2019 జూన్‌లో యజమాని దుబాయికి వెళ్ళిపోయి ఒక ఆడియో సందేశం విడుదలైన రోజులలో శివాజీనగరులోని ఆ కార్యాలయం ముందు బురఖాలలో బారులు తీరి నిలుచున్న తల్లులను వార్తలలో మనం చూశాము. ఆయనను జూలైలో ఢిల్లీలో అరెస్టు చేశారు. ఫిర్యాదులు నలభై వేలు దాటాయి. నిజమైన భాగస్వామికి సంస్థ లెక్కల పుస్తకం తెరిచి చూసే హక్కు ఉంటుంది. ఆ నలభై వేల మందిలో ఎవరైనా ఒక్కసారి ఆ పుస్తకాన్ని తెరిపించి ఉంటే!

అయితే ఇది ముస్లిముల ఇళ్ళకే, మతం పేరుకే పరిమితమైన సంగతి అని ఎవరూ అనుకోకూడదు. ఫాల్కన్ ఉదంతం చూడండి. ఇది పూర్తిగా ఇంటర్నెట్ మీద నడిచినది; ఒక యాప్, ఒక వెబ్‌సైటు, వాటి వెనుక హైదరాబాదుకు చెందిన క్యాపిటల్ ప్రొటెక్షన్ ఫోర్స్ అనే కంపెనీ. అందులో గుమ్మటం బొమ్మ లేదు, హలాల్ అన్న మాట లేదు. దాని స్థానంలో అమెజాన్, బ్రిటానియా, గోద్రెజ్ వంటి పెద్ద కంపెనీల పేర్లు ఉన్నాయి.

వారు చెప్పిన వ్యాపారం ఇన్‌వాయిస్ డిస్కౌంటింగ్. అదేమిటో తేలికగా చెబుతాము. ఒక చిన్న తయారీదారుడు పెద్ద కంపెనీకి సరుకు పంపి బిల్లు ఇస్తాడు. డబ్బు మూడు నెలలకు గాని రాదు. అతనికి ఇప్పుడే అవసరం. ఆ బిల్లును తక్కువ ధరకు మరొకరికి ఇచ్చి నగదు తీసుకుంటాడు. గడువు నాటికి పూర్తి మొత్తం ఆ మరొకరికి వస్తుంది. ప్రపంచంలో ఈ వ్యాపారం నిజంగా ఉన్నది. (షరీఅత్ దృష్టిలో ఇది సమ్మతం కాదు. రావలసిన బాకీని తగ్గింపు ధరకు మూడవ వ్యక్తికి అమ్మడం వడ్డీ క్రిందికే వస్తుందని జిద్దాలోని అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ స్పష్టం చేసింది. ఇప్పుడు మన చర్చ దాని గురించి కాదు గనుక ఇంతటితో వదలివేస్తాము.) ఫాల్కన్ 45 నుంచి 180 రోజుల గడువుతో, ఏడాదికి 11 నుంచి 22 శాతం లాభం చూపింది. పోలీసులు చెప్పిన ప్రకారం ఆ బిల్లులే కల్పితం. దాదాపు ఏడు వేల మందినుంచి 1,700 కోట్ల రూపాయలు సేకరించారు, అందులో సుమారు 850 కోట్లు తిరిగి ఇవ్వలేదు. 2025 జనవరిలో చెల్లింపులు ఆగిపోయాయి. ఫిబ్రవరిలో సైబరాబాదు పోలీసులు ఇద్దరిని అరెస్టు చేశారు. ప్రధాన నిందితుడు దేశం విడిచి వెళ్ళడానికి వాడినదని చెప్పిన చిన్న విమానాన్ని మార్చి నెలలో శంషాబాదు విమానాశ్రయంలో ఈడీ స్వాధీనం చేసుకున్నది.

ఇందులో మమ్మల్ని ఆలోచింపజేసినది 22 శాతం అన్న అంకె. 36 శాతం అంటే జాగ్రత్తపడే చదువుకున్నవారు ఇక్కడ జాగ్రత్తపడలేదు. అంకె కాస్త తగ్గింది, అబద్ధం కాస్త మర్యాదగా మారింది. పెద్ద కంపెనీ పేరు కనబడగానే వారికి కలిగిన నిశ్చింత, ఆలిమ్ ఫోటో కనబడగానే మాకు కలిగిన నిశ్చింత ఒక్కటే. ఇది కొత్త ఎత్తుగడ కూడా కాదు. 2011లో స్పీక్ ఏషియా అనే సింగపూరు సంస్థ 11,000 రూపాయలు కట్టించుకొని, ఇంటర్నెట్‌లో సర్వేలు నింపితే డబ్బు ఇస్తామని దేశమంతా టీవీ ప్రకటనలతో హోరెత్తించింది. ఆ సర్వేలు తమకోసమేనని అది చెప్పుకున్న పేరున్న కంపెనీలు, మాకు ఆ సంస్థతో సంబంధం లేదని ప్రకటించాయి. ఎవరో వెళ్ళి ఆ కంపెనీలనే అడిగినందువల్ల ఆ విషయం బయటపడింది. అంతే. ఒక్క ప్రశ్న, సరైన చోట.

ఇక మా రెండవ తప్పు. అనుమానించడం మంచిది కాదు కదా అన్నాము. ఈ మాట మన సమాజంలో చాలా నోళ్ళలో వినిపిస్తుంది. దుర్భావన, సూయె జన్, నిజంగానే పాపం. దివ్య ఖుర్ఆన్‌లోని హుజురాత్ సూరా 12వ ఆయతు అతిగా అనుమానించడం మానుకోమని విశ్వాసులను ఆదేశిస్తున్నది. కాని అదే సూరాలో ఆరు ఆయతుల ముందు, 6వ ఆయతులో, నమ్మదగనివాడు ఏదైనా వార్త తెస్తే విచారించి నిర్ధారించుకొమ్మని, లేకుంటే తెలియక ఇతరులకు హాని చేసి పశ్చాత్తాపపడవలసి వస్తుందని ఆదేశం ఉన్నది. రెండూ ఒకే సూరాలో, ఒకే పుటలో కనిపించేటంత దగ్గరగా ఉన్నాయి. ఒకటి పొరుగువాని గుట్టు గురించి, మరొకటి మన నిర్ణయాలకు ఆధారమయ్యే సమాచారం గురించి. మేము మొదటిదానిని రెండవదాని చోట వాడాము. దుర్భావన అంటే ఆధారం లేకుండా ఒకనిని దొంగ అని తీర్మానించుకోవడం. 'నీ సరుకు ఏమిటి, ఎవరికి అమ్ముతున్నావు' అని అడగడం తీర్మానం కాదు, విచారణ.

దైవప్రవక్త (స) బజారులో ఒక ధాన్యపు రాశి ప్రక్కగా వెళుతూ అందులో చేయి పెట్టారు. వ్రేళ్ళకు తడి తగిలింది. ఇదేమని యజమానిని అడిగారు. వాన పడి తడిసిందని అతడు చెప్పాడు. మరి జనం చూసేలా దానిని పైన ఎందుకు పెట్టలేదని ప్రశ్నించి, మోసగించేవానికి తమతో సంబంధం లేదని ఆయన (స) ప్రకటించారు. సహీహ్ ముస్లింలో ఉన్న ఈ హదీసును మన ఖతీబులు వర్తకులకు బోధించడానికి ఎన్నోసార్లు వినిపిస్తారు. అందులోని మొదటి చర్యను మాత్రం మనం గమనించము. పైకి పొడిగా కనిపిస్తున్న రాశిలో ఆయన (స) చేయి పెట్టి చూశారు. ఆ వర్తకుడు మదీనా బజారువాడే, ముస్లింల మధ్య బ్రతుకుతున్నవాడే. చేయి పెట్టి చూడడం అతనిని అవమానించడం కాలేదు.

ఫాతిమా బిన్తె ఖైస్ (రజి) తనకు వచ్చిన రెండు పెళ్ళి సంబంధాల గురించి సలహా అడిగినప్పుడు దైవప్రవక్త (స) ఆ ఇద్దరిలో ఒకరు పేదవారని, మరొకరు చేతికర్ర భుజం మీదినుంచి దింపనివారని దాపరికం లేకుండా చెప్పారు. ఇద్దరూ సహాబీలే. అడిగినవారి జీవితం ముడిపడి ఉన్నచోట నిజం చెప్పడం చాడీ కాదు. ఇమామ్ నవవీ (రహ్మ) తమ రియాజుస్ సాలిహీన్‌లో పరోక్ష నింద ధర్మసమ్మతమయ్యే సందర్భాలు ఆరింటిని లెక్కించారు. ముస్లింలను కీడునుంచి హెచ్చరించడం, వ్యవహారంలో భాగస్వామి కాబోయేవాని గురించి సలహా చెప్పడం వాటిలో ఉన్నాయి. అంతెందుకు, మన హదీసు విద్య మొత్తం దీని మీదనే నిలబడి ఉంది. ఫలానావాడు సత్యసంధుడు, ఫలానావాడు మరుపు మనిషి, ఫలానావాడు అబద్ధాలకోరు అని వేలాది ఉల్లేఖకులను పేరుపేరునా పరీక్షించిన ముహద్దిసులను మనం ఇమాములని గౌరవిస్తున్నాము. వారిలో పలువురు, రాత్రంతా నమాజులో గడిపే భక్తుల ఉల్లేఖనాలను కూడా జ్ఞాపకశక్తి సరిగా లేదని త్రోసిపుచ్చారు. భక్తి ఒకటి, నమ్మదగిన సమాచారం మరొకటి. మేము ఈ విద్యను బోధిస్తూ, ఒక ఫోటోను చూసి ఒక అంకెను నమ్మాము.

హజ్రత్ ఉమర్ (రజి) గురించిన ఒక ఉల్లేఖనం ఇక్కడ తలచుకోదగినది. ఒకతనికి పూచీగా మరొకరు వచ్చి, ఇతడు మంచివాడని చెప్పారు. నీవు అతని పొరుగువాడివా, అతనితో ప్రయాణం చేశావా, దీనారు దిర్హముల వ్యవహారం చేశావా అని ఉమర్ (రజి) వరుసగా అడిగారు. అన్నింటికీ లేదన్న జవాబే వచ్చింది. బహుశా మస్జిదులో తల వంచుతూ ఎత్తుతూ నమాజు చేయడం చూసి ఉంటావు, నీకు అతడు తెలియడు అని పంపించివేశారు. ఈ ఉల్లేఖనాన్ని ఎన్నోసార్లు చదివిన మేము, ఆ ఫోటోలోని ఆలిమ్ ఆ యజమానితో దీనారు దిర్హముల వ్యవహారం చేశారా అని మనసులో కూడా అడుగుకోలేదు.

ఈ పత్రిక చదివే సోదరీమణులు మాతృమూర్తి ఖదీజా (రజి) వ్యాపారాన్ని గుర్తుచేసుకోవాలి. ఆమె పెట్టుబడిదారు. దైవప్రవక్త (స) నుబువ్వతుకు పూర్వం ఆమె ధనంతో సిరియాకు వర్తకానికి వెళ్ళారు. మక్కా అంతా అల్ అమీన్ అని పిలిచిన వ్యక్తి. ఆయన నిజాయితీ గురించి వినే ఆమె కబురు పంపింది. అయినా తన సేవకుడు మైసరాను వెంట పంపింది. అతడు తిరిగి వచ్చి దారిలో చూసినది చెప్పాడు. అది అపనమ్మకం కాదు, వ్యవహారపు క్రమం. అల్ అమీన్ వెంటనే ఒక మనిషి వెళ్ళినప్పుడు, ఫోనులో తప్ప ఎక్కడా కనిపించని కంపెనీ వెంట మన ఇంటినుంచి ఒక ప్రశ్న అయినా వెళ్ళకూడదా?

నిజానికి మా నడిగడ్డ ప్రాంతానికి ఇది ఒకరు నేర్పవలసిన విద్య కాదు. కృష్ణా తుంగభద్రల నడుమ గద్వాల చుట్టుప్రక్కల సీడు పత్తి పండించే రైతును అడగండి. పువ్వు పువ్వుకూ కూలీలతో క్రాసింగ్ చేయించి, నెలల తరబడి కష్టపడి గింజను ఆర్గనైజరుకు అప్పగిస్తాడు. కంపెనీ వెంటనే పూర్తి డబ్బు ఇస్తుందా? ఇవ్వదు. గింజ మొలకెత్తుతుందా అని చూస్తుంది. నమూనాను పొలంలో వేసి పెంచి, మొక్కలు స్వచ్ఛమైన రకమేనా అని పరీక్షిస్తుంది. దానినే మావాళ్ళు జీఓటీ అంటారు. ఫెయిలైతే ఆ రైతు ఏడాది కష్టం మట్టిపాలు. 'నేను నిజాయితీపరుడిని, నా మాట నమ్మండి' అని ఏ రైతూ అనడు, అన్నా కంపెనీ వినదు. ఆ పరీక్షలలో రైతుకు అన్యాయం జరిగిందన్న గొడవలు కూడా మా దగ్గర కొత్త కాదు. అది మరొక వ్యాసం. కాని చూడండి: మన గింజను నెలలపాటు పరీక్షించి గాని పైసా విడువని లోకంలో బ్రతుకుతూ, ఆ గింజకు వచ్చిన డబ్బును ఒక ప్రకటన చూసి ఐదు నిమిషాలలో ఫోను ద్వారా పంపించివేస్తున్నాము.

గద్వాల చీర నేసే ఇళ్ళలోనూ ఇంతే. మగ్గం మీద నేసిన చీర ఏదో, మిల్లులో దించి ఆన్‌లైనులో 'గద్వాల' అని ఫోటో పెట్టి అమ్మే చీర ఏదో, అంచును తిప్పి చూసి మా ఊరి ఆడవారు చెప్పేస్తారు. చేతికి తగిలే వస్తువు విషయంలో మనవారిని మోసం చేయడం కష్టం. డబ్బును డబ్బుగా అమ్మేచోట మాత్రం తిప్పి చూడడానికి అంచు దొరకదు, మనం వెదకము కూడా.

వెదికే మార్గాలు కొన్ని ఉన్నాయి. కంపెనీ రిజిస్ట్రేషను పత్రం చూపిస్తే ప్రజలనుంచి డబ్బు తీసుకునే అనుమతి ఉన్నట్లు కాదు. పాన్ కార్డు ఉన్నవాడికల్లా బస్సు నడిపే లైసెన్సు ఉండదు. పెట్టుబడులు సేకరించేవారికి సెబీ నమోదు ఉన్నదా అన్నది సెబీ వెబ్‌సైటులో చూడవచ్చు. డిపాజిట్లు తీసుకునే అనుమతి ఎవరికి ఉన్నదో తెలుసుకోవడానికి, ఫిర్యాదు చేయడానికి రిజర్వు బ్యాంకు నిర్వహిస్తున్న సచేత్ అనే పోర్టల్ ఉన్నది. 2019లో పార్లమెంటు చేసిన చట్టం అనుమతి లేని డిపాజిట్ పథకాలను నిషేధించింది. వాటికి ప్రకటనలు ఇవ్వడమూ నేరమే, తెలిసి అబద్ధపు మాటలతో మరొకరిని చేర్పించడమూ నేరమే. ఆన్‌లైనులో మోసపోయిన వెంటనే 1930కు ఫోను చేయాలి. ఆలస్యమైన కొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది.

చేర్పించడం అన్న మాట దగ్గర ఒక క్షణం ఆగాలి. వనపర్తిలో, నాగర్‌కర్నూలులో మేము చూసిన ఇళ్ళలో డబ్బు పోయిన బాధ కన్నా లోతైనది ఇదే. గల్ఫులో ఉన్న తమ్ముడు పంపిన డబ్బును అన్న ఒక యాప్‌లో పెట్టించాడు. తనకు వచ్చే రిఫరల్ కమీషను సంగతి చెప్పలేదు. రిటైరైన టీచరు ఒకరు తన పీఎఫ్ సొమ్ము పెట్టి, నమ్మకంతో వియ్యంకుని కూడా చేర్పించారు. ఇప్పుడు ఆ ఇళ్ళమధ్య ఈద్ నాడు కూడా రాకపోకలు లేవు. అమ్మేవాడూ కొనేవాడూ సత్యం పలికి లోపాలను వెల్లడి చేస్తే వారి బేరంలో బర్కతు ఉంటుందని, దాచితే అది తుడిచిపెట్టుకుపోతుందని హదీసు ఉన్నది. అన్న దాచినది ఒక చిన్న కమీషనే. బంధువును చేర్చుతున్నప్పుడు, దానిలో నాకు ఇంత వస్తుంది అని ముందే చెప్పి ఉంటే, ఆ తమ్ముడు కనీసం ఒక ప్రశ్న అడిగేవాడు.

గత నెలలో గద్వాల పెద్దమనిషి మరల మా వద్దకు వచ్చారు. కూతురి పెళ్ళి అప్పు చేసి జరిపించారు, అల్లుడిది వనపర్తి. ఆ అబ్బాయి ఒక కొత్త యాప్ లింకు పంపించాడట. ఈసారి ఆయన హలాలేనా అని అడగలేదు. "మౌలానా సాబ్, వీళ్ళు అసలు ఏమి అమ్ముతారు?" అన్నారు. మాకూ తెలియలేదు. ఇద్దరమూ కలిసి వారినే అడిగాము. మీరు చేసే వర్తకం ఏమిటి, సరుకు కొనేవారెవరు, నిరుటి ఆడిట్ లెక్కలు చూపించగలరా, నష్టం వస్తే ఎవరు భరిస్తారు అని తెలుగులోనే టైపు చేసి పంపించారాయన. పావుగంటలో జవాబు వచ్చింది. గులాబీ పువ్వు బొమ్మ, దాని క్రింద, 'శుభాకాంక్షలు, మీ స్లాటు రిజర్వు చేయబడింది, ఈ రాత్రి పన్నెండు గంటల వరకే అవకాశం' అని. ఆయన అవే ప్రశ్నలు మరొకసారి పంపించారు. మగ్రిబ్ అజాన్ అయ్యే వేళకు ఆ నంబరు ప్రక్కన ఉన్న బొమ్మ మాయమైంది. మమ్మల్ని బ్లాకు చేశారని ప్రక్కనున్న కుర్రవాడు చెప్పాడు. ఆయన అల్లుడికి ఫోను చేసి, "బేటా, వాళ్ళు జవాబు చెప్పలేదు" అని ఒక్క మాట చెప్పి, ఫోను జేబులో పెట్టుకొని వుజూకు లేచారు.